మీటరు దీపములు మసకబారినపుడు

వాన వెలిసిన ఒక రాత్రి తార్నాకనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ మీదుగా మాణికేశ్వర్ నగరుకు కారులో వచ్చుచుంటిమి. కారు 1950లలో ఇంగ్లండునుండి దిగుమతియైనది. చెట్ల నీడ దట్టముగా నున్నచోట ఎదుటి మీటర్లవైపు చూచితిమి. ముండ్లు కనబడలేదు. దీపములు వెలుగుచునే యున్నవి గాని, ఆ వెలుగు ఆరబోవు ప్రమిద వెలుగువలె నుండెను. ఇల్లు చేరి, ఇంజను ఆపకమునుపు టార్చి వేసి చూడగా, ఆయిలు ప్రెషరు ముల్లు సున్న దగ్గరకు జారియుండెను. ఇంకను నాలుగు మైళ్లు పోయియున్నచో బేరింగులు దక్కెడివి కావు. మీటరు దీపము అలంకారము కాదని మాకు నాడు తెలిసినది.

హైదరాబాదునకు విదేశీ కార్లు క్రొత్తవి కావు. నిజాముల 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ నేటికిని చౌమహల్లా ప్యాలెసులో చూడవచ్చును. స్వాతంత్ర్యానంతరము విదేశీ కార్ల దిగుమతిపై ఆంక్షలు బిగిసినందున, అంతకుముందు వచ్చిన కార్లను జనులు దశాబ్దములపాటు కాపాడుకొనిరి. అట్టి కారు ఇంట నున్నవారికి ఈ మసక దీపముల బాధ తెలియనిది కాదు.

దీపము మసకబారగానే మనకు తట్టు మొదటి ఉపాయము పెద్ద బల్బు వేయుట. మేమును ఆ పనియే చేసితిమి. పాత బ్రిటిషు కార్ల మీటర్లలో సాధారణముగా 12 వోల్టుల, 2.2 వాట్ల చిన్న బల్బులుండును. వాని స్థానమున 5 వాట్లవి బిగించితిమి. రెండు రాత్రులు కొంత వెలుగు హెచ్చినది. మూడవ రాత్రి కాలిన వాసన వచ్చినది. విప్పి చూడగా ఒక తీగపై తొడుగు మెత్తబడి యున్నది. ఆ కాలపు అనేక బ్రిటిషు కార్లలో దీపముల తీగలకు ఫ్యూజు ఉండదు. కనుక తీగయే ఫ్యూజు కాబోయినది.

ఇట్లేల జరిగెను? విద్యుత్తు బ్యాటరీనుండి తీగవెంట బల్బునకు పోయి, అచటినుండి కారు బాడీద్వారా తిరిగి బ్యాటరీకి చేరును. పోవుదారి ఎంత ముఖ్యమో వచ్చుదారియు అంత ముఖ్యము. మీటరు చట్రము బాడీకి తగులుచోట వానకాలపు చెమ్మచే చిలుము పట్టినచో, అచట నిరోధము పుట్టును. నాలుగు బల్బుల విద్యుత్తు ఆ ఒక్కచోటి గుండ తిరిగిపోవలసి యున్నచో, ఒకటిన్నర ఓముల నిరోధము చాలును, ఒక వోల్టును మ్రింగివేయుటకు. ఒక వోల్టే గదా యని తలపరాదు. తీగ బల్బు వెలుగు వోల్టేజితో సమముగా తగ్గదు. అంతకంటె చాల వేగముగా తగ్గును. 12 వోల్టులు 11 అయినచో వెలుగులో నాలుగవ వంతు పోవును. 10 అయినచో ఇంచుమించు సగమే మిగులును.

పెద్ద బల్బు ఎక్కువ విద్యుత్తును కోరును. ఎక్కువ విద్యుత్తు ఆ చిలుముగుండ పోవునపుడు ఒక వోల్టు బదులు రెండు వోల్టులు నష్టమగును. అచట పుట్టు వేడి ఇంచుమించు నాలుగు రెట్లగును. రోగము తీరకపోగా ముదురును.

కావున వరుసగా పరీక్షింపవలెను. మొదట హెడ్‌లైట్లు చూడుడు. అవియు మసకగా నున్నచో దోషము బ్యాటరీలోనో డైనమోలోనో కలదు. మీటరు దీపములే మసకగా నున్నచో దోషము డ్యాష్‌బోర్డు వెనుకనే కలదు.

పిమ్మట, ఒక చిన్న తీగముక్కను తీసికొని, ఒక కొనను మీటరు లోహపు తొడుగునకు, రెండవ కొనను రంగు గీకిన బాడీ ఇనుమునకు ఆనించుడు. దీపములు ఒక్కసారిగా తెల్లబారినచో దొంగ దొరికినట్లే: ఎర్తు చెడినది. మా కారునందు జరిగినది ఇదియే. తీగ ఆనించిన క్షణముననే ముండ్లు, అంకెలు అన్నియు స్పష్టముగా కనబడినవి. పదునైదు నిమిషముల పనికి మేము ఒక తీగను కాల్చుకొంటిమి గదా యని నవ్వుకొంటిమి.

ఆ పరీక్షలో మార్పు లేనిచో, వెలుగును హెచ్చించి తగ్గించు మీట యున్న కార్లలో దానిని పదిసార్లు ఇటునటు త్రిప్పుడు. అది మన కళాశాలల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు జరుపు రియోస్టాటుకు తమ్ముడే. త్రిప్పునపుడు దీపములు మిణుకుమన్నచో దాని తీగచుట్టపై మురికి చేరినదని గ్రహింపవలెను. అదియు బాగున్నచో బల్బులను విప్పి చూడుడు. ఏండ్లతరబడి వెలిగిన బల్బులో టంగ్‌స్టను ఆవిరియై గాజు లోపల నల్లని పొరగా పేరుకొనును. అట్టిది తుడిచిన పోదు, మార్చవలసినదే.

ఏ పని చేయుటకైనను ముందు, బ్యాటరీలో బాడీకి కలిపిన తీగను విప్పుట మరువరాదు. పాత బ్రిటిషు కార్లలో పెక్కింటియందు బాడీకి కలియునది ధనధ్రువము. కనుక గుర్తు చూచియే విప్పవలెను. చిలుము పట్టినచోటును సన్నని ఉప్పుకాగితముతో లోహము మెరయువరకు రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెము వ్యాసలీను పూసినచో చెమ్మ చేరదు. మీటరునుండి బాడీకి ప్రత్యేకముగా ఒక ఎర్తు తీగ వేసినచో మరియు మేలు.

ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులు సులభముగా దొరకుచున్నవి. అవి తక్కువ విద్యుత్తుతో వెలుగును, వేడియు స్వల్పము. కాని వానిలో అనేకములు ధనఋణములు తారుమారైనచో వెలుగవు. బాడీకి ధనధ్రువము కలిసిన కారునకు తగినవి అడిగి తీసికొనవలెను. పాత మీటతో వాని వెలుగు సరిగా తగ్గకపోవుటయు కలదు.

చివరకు ఒక మాట. మీటరు దీపము మిక్కిలి వెలుగుటయు మంచిది కాదు. చీకటికి పూర్తిగా అలవడుటకు కంటికి అరగంట వరకు పట్టును. ఎదుటనే తీవ్రమైన వెలుగున్నచో ఆ అలవాటు చెడి, సందు మలుపున నడచిపోవు మనిషి కనబడకపోవచ్చును. ముల్లు కనబడవలెను, దారియు కనబడవలెను. ఈ రెంటికిని సరిపోవునంత వెలుగే కారు చేసినవారు మొదట ఇచ్చిరి. దానిని తిరిగి తెచ్చుకొనుటకు కావలసినది పెద్ద బల్బు కాదు. ఒక జానెడు తీగ, చిటికెడు ఓపిక.