పాత అల్యూమినియపు పడవ: నీరు కారు చోటు కనుగొనుట, సరిచేయుట

గోదావరి లంక గ్రామములకు వరద కాలమున పడవయే బాట. భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. అట్టి దినములలో పసిబిడ్డలను, గర్భిణీ స్త్రీలను, రోగులను మెట్టకు చేర్చునది రేవునందలి పడవయే. అది నీరు కారకుండ చూచుకొనుట పంచాయతీ సభ్యులు తేలికగా ఎంచదగిన పని కాదు.

కొంచెము నీరు కారిన తోడిపోయవచ్చునని పలువురు తలంతురు. ఈ లెక్కను గమనింపుడు. 4 మీటర్ల పొడవు, 1.25 మీటర్ల వెడల్పు గల అడుగుపై 10 సెంటీమీటర్ల నీరు నిలిచినచో దాని బరువు 500 కిలోలు. అనగా ఏడెనిమిది మంది మనుష్యుల బరువు. అంతేకాదు, పడవ ఏ ప్రక్కకు ఒరిగిన ఆ ప్రక్కకే ఈ నీరు పరుగెత్తి, ఒరుగును మరింత పెంచును. పడవ తలక్రిందులగుటకు ఇది ముఖ్య కారణములలో ఒకటి.

కొయ్య నావకును దీనికిని భేదము

ఎండిన కొయ్య నావను నీట నాననిచ్చిన పలకలు ఉబ్బి సన్నని సందులు తమంత తామే మూసికొనును. పెద్దలకు తెలిసిన ఈ ఉపాయము అల్యూమినియమునకు పనికిరాదు. లోహము నానదు, ఉబ్బదు. రేకులను కలుపు రివెట్లు ఏండ్ల తరబడి కదలికకు లోనై వదులగును. వాటి చుట్టును, అతుకుల వెంటను నీరు ఊరును. పడవను ఇసుకపై, రాళ్లపై ఈడ్చుటచే అడుగు రేకు అరిగి పగుళ్లు పడుటయు కలదు.

కారు చోటు కనుగొనుట

పడవలోపల నీరు కనబడిన చోటనే రంధ్రమున్నదని భావింపరాదు. లోనికి వచ్చిన నీరు పల్లమునకు పారి, వేరొక చోట నిలుచును. కావున ఎదురు పరీక్ష చేయవలెను. పడవను ఒడ్డునకు చేర్చి, పొడిగా తుడిచి, అడుగు కనబడునంత ఎత్తున దిమ్మలపై నిలుపవలెను. దిమ్మలు రెండు కొనల మాత్రమే గాక నడుమను కూడ ఉండవలెను. పిదప లోపల ఒక బెత్తెడు లోతు వరకు నీరు పోసి, బయటి నుండి పరీక్షింపవలెను. చెమ్మ కనిపించిన ప్రతి రివెట్టు వద్దను, అతుకు వద్దను సుద్దతో గాని మైనపు బలపముతో గాని గుర్తు పెట్టవలెను. అడుగు నడుమ నిడివిగా సాగు పట్టీ, వెనుక పలక కలియు మూలలు, నీరు వదలు రంధ్రపు మూత – వీటిని తప్పక చూడవలెను. నీటి బరువు అధికము కనుక, పరీక్ష జరుగునపుడు పడవ క్రిందకు ఎవరును దూరరాదు.

సరిచేయు విధము

వదులైన రివెట్టును ఇద్దరు కలిసి బిగింపవలెను. ఒకరు బయట రివెట్టు తలకు బరువైన ఇనుప దిమ్మను ఆనించి పట్టగా, రెండవవారు లోపలి కొనను సుత్తితో మెల్లగా కొట్టవలెను. తల అరిగిన రివెట్టును తీసివేసి, గట్టి అల్యూమినియపు రివెట్టునే వేయవలెను. అతుకుల సందులను తీగ కుంచెతో శుభ్రపరచి, జిడ్డు తుడిచి, పూర్తిగా ఆరిన పిమ్మట పడవలకై తయారు చేసిన పాలియురెథేను లేక ఎపాక్సీ లేపనము పూయవలెను. చెమ్మపై పూసిన లేపనము నిలువదు. పగులు ఉన్నచో దాని రెండు కొనలందును చిన్న రంధ్రము వేసినగాని అది ప్రాకుట ఆగదు. ఆ మీదట లేపనముతో అల్యూమినియపు అతుకు రేకు వేసి రివెట్లు కొట్టవలెను.

వెల్డింగు చేయించదలచినచో అల్యూమినియపు పనిలో అనుభవము గలవానికే అప్పగింపవలెను. ఈ లోహము సుమారు 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును; దానిపై ఏర్పడు పొరయో 2,000 డిగ్రీలు దాటినగాని కరగదు. ఈ భేదము తెలియనివాడు అతుకు వేయబోయి రంధ్రము చేయును.

చేయరానివి

రాగి, ఇత్తడి మేకులుగాని బోల్టులుగాని వాడరాదు. తడి తగిలినపుడు వాటి ప్రక్కనున్న అల్యూమినియము తినివేయబడును. రాగి కలిసిన రంగులును కూడవు. సందులను సిమెంటుతో పూడ్చుట హానికరము; తడి సిమెంటునందలి క్షారము ఈ లోహమును కొరుకును. లోపల తడి గోనెలు, తడి చెక్కలు రేకును అంటి నిలువ ఉండనీయరాదు.

పంచాయతీ కర్తవ్యము

తొలకరికి ముందే ఈ పరీక్ష ముగింపవలెను. మరమ్మతు పిమ్మట మరల నీరు పోసి చూచి, ఆపై ప్రయాణికులు లేకుండ పడవను కొంతసేపు నీటిపై నిలిపి పరీక్షింపవలెను. ఏ రివెట్టు మార్చినదియు, ఏ తేదీన మార్చినదియు ఒక పుస్తకమున వ్రాసి ఉంచినచో మరుసటి ఏడు పని సులువగును. ఏటేట అదే చోట నీరు ఊరుచు, రేకు పలుచనై చేతికి లొంగుచున్నచో, ఆ పడవను రేవు నుండి తొలగించుటకు సభ్యులు సంకోచింపరాదు. వరద వచ్చిన రాత్రి రంధ్రము వెదకుటకు వ్యవధి ఉండదు.