పాత స్పోర్ట్స్ కారుకు కొత్త టైర్లు: ఎంపికలో గమనించవలసినవి

2013 నవంబరు 30న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాంటా క్లారిటాలో జరిగిన కారు ప్రమాదంలో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్, కారు నడుపుతున్న ఆయన మిత్రుడు దుర్మరణం పాలయ్యారు. ఆ వాహనం 2005 నాటి పోర్షే కరేరా జీటీ. గంటకు 72 కిలోమీటర్లకు మించరాని మార్గంలో 130 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వెళ్లడమే ప్రమాదానికి కారణమని 2014 మార్చిలో దర్యాప్తు అధికారులు తేల్చారు. అయితే వారు మరొక అంశాన్ని కూడా ప్రస్తావించారు. ఆ కారు టైర్ల వయస్సు తొమ్మిదేళ్లు దాటింది. దానివల్ల వాహనంపై అదుపు తగ్గి ఉండవచ్చునన్నది వారి అభిప్రాయం.

పాత స్పోర్ట్స్ కార్లు ఏడాదిలో అధిక కాలం షెడ్డులోనే ఉంటాయి. తక్కువ తిరగడం వల్ల టైరు గాట్లు అరగవు. చూపునకు కొత్తదానివలెనే ఉంటుంది. కాని గాలిలోని ప్రాణవాయువు, ఎండ, వేడిమి కలిసి రబ్బరును క్రమంగా గట్టిపరుస్తాయి. గట్టిపడిన రబ్బరు రోడ్డును పట్టుకోలేదు. లోపలి పొరల మధ్య బంధం కూడా సడలుతుంది. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత ఇటువంటి టైరుకు చక్కగా వర్తిస్తుంది.

వయస్సు తెలుసుకొనే విధానం

టైరు పక్క భాగంలో డీవోటీ అన్న అక్షరాలతో మొదలయ్యే సంకేతం ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు తయారీ కాలాన్ని తెలుపుతాయి. 3521 అని ఉంటే 2021వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. చివర మూడు అంకెలే ఉంటే ఆ టైరు 2000కు పూర్వపుది. దానిని వాడనే కూడదు. అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణునిచేత పరీక్ష చేయించాలనీ, ఎంత బాగా కనిపించినా పదేళ్లకు మించి వాడరాదనీ ప్రముఖ టైరు సంస్థలు సూచిస్తున్నాయి. ఆరేళ్లకే మార్చమని చెప్పే కార్ల సంస్థలూ ఉన్నాయి. దుకాణంలో చౌకగా ఇచ్చే పాత నిల్వ సరుకు విషయంలో ఈ అంకెలను చూడకుండా సొమ్ము చెల్లించరాదు.

కొలతల భాష

1990 నాటి మాజ్దా ఎంఎక్స్-5 కారును ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని టైరు కొలత 185/60 ఆర్14. ఇందులో 185 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 60 అంటే పక్క భాగం ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అనగా 111 మిల్లీమీటర్లు. 'ఆర్' రేడియల్ నిర్మాణాన్ని, 14 అంగుళాలలో రిమ్ము వ్యాసాన్ని సూచిస్తాయి. ఆ పక్కన 82హెచ్ అని ఉంటే, టైరు ఒక్కొక్కటి 475 కిలోల బరువును, గంటకు 210 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకోగలదని భావం. 'వీ' అక్షరం 240, 'డబ్ల్యు' 270, 'వై' 300 కిలోమీటర్లను తెలుపుతాయి. కారు సంస్థ నిర్దేశించిన బరువు అంకెకు గాని, వేగపు అక్షరానికి గాని తగ్గిన టైరును ఎన్నడూ ఎంచుకోరాదు.

కార్ల సంస్థలు పెద్ద చక్రాలవైపు మొగ్గడంతో 14 అంగుళాల కొలతలో మేలైన స్పోర్ట్స్ టైర్లు అరుదయ్యాయి. కొలత మార్చక తప్పనప్పుడు మొత్తం వ్యాసం మారకుండా చూసుకోవాలి. 185/60 ఆర్14 వ్యాసం సుమారు 578 మిల్లీమీటర్లు. 195/50 ఆర్15 వ్యాసం 576. తేడా స్వల్పం కనుక ఇది సరిపోతుంది. అదే 195/55 ఆర్15 అయితే 595 దాటుతుంది. అప్పుడు మీటరు చూపే వేగం కన్న కారు అసలు వేగం హెచ్చుగా ఉంటుంది. మలుపులో టైరు మడ్‌గార్డు లోపలి భాగానికి రాసుకొనే ప్రమాదమూ ఉంది. ప్రాచీన నమూనాల కార్ల కొరకు మిషలిన్, పిరెల్లి సంస్థలు పాత కొలతలలోనే ప్రత్యేకంగా టైర్లు తయారు చేస్తున్నాయి. ధర హెచ్చయినా అవి వయసైన కారు స్వభావానికి తగినవి.

పట్టు, మన్నిక

మెత్తని రబ్బరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు చాలాకాలం మన్నుతుంది, పట్టు తక్కువ. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారు టైరు అరిగిపోక ముందే వయస్సు మీరుతుంది. కనుక అటువంటి కారుకు దీర్ఘకాల మన్నిక కొరకు పట్టును వదులుకోవడం తెలివైన పని కాదు. వాన నీటిపై పట్టును ప్రత్యేకంగా విచారించాలి. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టరీత్యా టైరు పనికిరాదు. వాస్తవానికి 3 మిల్లీమీటర్ల వద్దనే నీటిని చిమ్మే శక్తి బాగా క్షీణిస్తుంది.

జతగా మార్చడం

నాలుగింటినీ ఒకేసారి మార్చడం ఉత్తమం. రెండే కొనగలిగితే కొత్తవి వెనుక చక్రాలకే వేయాలి. వెనుక టైర్లు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది. సామాన్య చోదకునికి అది అదుపు కాదు. కరేరా జీటీ వంటి కార్లకు ముందు, వెనుక కొలతలు వేరువేరు కావున వాటిని తారుమారు చేయడానికి వీలులేదు. ఒకే ఇరుసుపై రెండు రకాల టైర్లు ఉండరాదు. పక్క భాగంపై బాణపు గుర్తు ఉంటే చక్రం ఆ దిశలోనే తిరిగేటట్లు బిగించాలి. కొత్త వాల్వులు, బ్యాలెన్సింగ్, వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి.

ఈ నియమాలు స్పోర్ట్స్ కార్లకే పరిమితం కావు. పండుగలకు, పెళ్లిళ్లకు మాత్రమే బయటికి తీసే ఇంటి కారుకూ, ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉన్న స్టెప్నీకీ ఇవే వర్తిస్తాయి. హోసూరు, బళ్లారి, రాయగడ, యానాంలలో ఎక్కడ కొన్నా, దుకాణం బోర్డు ఏ లిపిలో ఉన్నా, టైరుపై ఉన్న ఆ నాలుగు అంకెల అర్థం మాత్రం ఒక్కటే. సొమ్ము చెల్లించే ముందు వాటిని చదివించుకోవడం ఇంటిల్లిపాదికీ క్షేమం.