హెడ్ మార్చాలా, ఇంజనే మార్చాలా?

ఆటోమొబైల్ డిప్లొమా పిల్లలకు ఇంజన్ పాఠం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, పాత బండికి పవర్ పెంచాలంటే హెడ్ మారిస్తే చాలా, ఇంజన్ మొత్తం దించేసి వేరేది ఎక్కించాలా?" షెడ్డుల్లో రోజూ వినపడే ప్రశ్నే. దీనికి నాకు తెలిసిన జవాబుల్లో అన్నింటికన్నా మంచిది ఒక మనిషి జీవితంలో ఉంది. హెడ్ మార్పుతో ఎంత సాధించవచ్చో చూపించింది ఆయనే. ఆ హెడ్‌ను మరుగున పడేసిన కొత్త ఇంజన్‌కు పేరు తెచ్చినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. పేరు జోరా ఆర్కస్-డుంటోవ్.

ముందు ఆయన చేతికి చిక్కిన ఇంజన్‌ను చూడాలి. 1932లో హెన్రీ ఫోర్డ్ సామాన్యుడు కొనగలిగే కారులో వీ-8 ఇంజన్ పెట్టాడు. ఎనిమిది సిలిండర్లూ క్రాంక్‌కేసూ కలిపి ఒకే పోత. 221 ఘనపు అంగుళాలు, అంటే 3.6 లీటర్లు, శక్తి 65 హార్స్‌పవర్. అమెరికా కుర్రకారు ఈ ఇంజన్ మీద పెంచుకున్న మమకారం అంతా ఇంతా కాదు. పాత ఫోర్డ్ కొని, మడ్‌గార్డులు ఊడబీకి, కాలిఫోర్నియాలోని ఎండిపోయిన చెరువుల్లో పందేలు వేసేవాళ్లు.

దీన్ని ఫ్లాట్‌హెడ్ అంటారు. వాల్వులు హెడ్‌లో ఉండవు, సిలిండర్ పక్కనే బ్లాకులో ఉంటాయి. హెడ్ అంటే స్పార్క్ ప్లగ్గు బిగించిన వట్టి మూత, లోపల నీళ్లు తిరిగే ఖాళీ, అంతే. చేయడం తేలిక, చవక. చిక్కు గాలి దారిలో ఉంది. కార్బ్యురేటర్ నుంచి వచ్చిన మిశ్రమం కిందికి దిగి, వాల్వు దగ్గర మళ్లీ పైకి లేచి, మూత కింది ఖాళీలో అడ్డంగా తిరిగి, అప్పుడు సిలిండర్లో పడాలి. ఇన్ని మలుపులు తిరిగే గాలి నిండుగా ఎలా చేరుతుంది? పోనీ కంప్రెషన్ పెంచుదామంటే మూత కింది ఖాళీని తగ్గించాలి. మిశ్రమం అడ్డంగా వెళ్లే దారీ ఆ ఖాళీయే, కాబట్టి తగ్గించినకొద్దీ ఇంజన్‌కు ఊపిరాడదు. వెడల్పు చేస్తే కంప్రెషన్ పడిపోతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాల్సిందే. విక్ ఎడెల్‌బ్రాక్ లాంటివాళ్లు అమ్మిన అల్యూమినియం హెడ్లు మంచి మూతలే. కానీ ఎంత మంచివైనా మూతలే కాబట్టి ఈ ముడి విప్పలేకపోయాయి.

ఇంతకన్నా పెద్ద బాధ వేడి. ఎగ్జాస్ట్ వాల్వులు వీ ఆకారం లోపలివైపు ఉన్నాయి, సైలెన్సర్ గొట్టాలు బయటివైపు. కాలిన వాయువులు బ్లాకు మధ్యలోంచి, సిలిండర్ల సందుల్లోంచి, చుట్టూ ఉన్న నీళ్లను మరిగిస్తూ బయటికి పోవాలి. వంటింటి పొగగొట్టాన్ని పడగ్గదిలోంచి తీసినట్టు. పైగా ఒక్కో వరుసలో నాలుగు సిలిండర్లకు మూడే ద్వారాలు. నడిమి రెండూ ఒకదాన్నే పంచుకోవాలి. బరువు లాగే లారీల్లో ఈ ఇంజన్ ఇట్టే కాగిపోయేది.

ఇక్కడే డుంటోవ్ వస్తాడు. 1909లో బ్రస్సెల్స్‌లో రష్యన్ తల్లిదండ్రులకు పుట్టాడు. బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదివాడు. నాజీలు ఫ్రాన్స్‌ను ఆక్రమించాక తప్పించుకుని న్యూయార్క్ చేరాడు. తమ్ముడు యూరాతో కలిసి కంపెనీ పెట్టి, ఇంటిపేరులోని రెండు ముక్కలూ కలిపి దానికి ఆర్డున్ అని పేరు పెట్టాడు. 1947 నాటికి ఫోర్డ్ వీ-8 కోసం ఆ కంపెనీ ఒక హెడ్ తయారుచేసింది.

ఆ హెడ్ నాకు ఎందుకంత ఇష్టమో చెబుతాను. బ్లాకు అదే, క్యామ్‌షాఫ్ట్ దాని చోట అదే. వాల్వులు మాత్రం కింది నుంచి లేచి పైన అల్యూమినియం హెడ్‌లోకి వచ్చేశాయి. క్యామ్ తోసే తోపు ఇప్పుడు పొడవాటి పుష్‌రాడ్ల మీదుగా పైకి వెళ్లి, రాకర్‌ను తిప్పి, వాల్వును కిందికి నొక్కుతుంది. కంబషన్ ఛాంబర్ అర్ధగోళం. గోళపు గోడకు ఒకవైపు ఇన్‌టేక్ వాల్వు, ఎదురుగా ఎగ్జాస్ట్ వాల్వు, రెండూ ఏటవాలుగా ఉంటాయి. చదునైన కప్పులో కన్నా ఇలాంటి కప్పులో పెద్ద వాల్వులు పడతాయి. గాలి ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు నుంచి పోతుంది, మలుపులు తక్కువ. ఒకే క్యామ్‌తో రెండు వైపుల వాల్వులూ నడవాలి కాబట్టి ఒక్కో హెడ్‌కు రెండు రాకర్ షాఫ్టులు పెట్టారు. ఎగ్జాస్ట్ హెడ్‌లోంచే నేరుగా బయటికి పోతుంది, బ్లాకు జోలికి రాదు. ఊపిరీ వేడీ రెండూ ఒక్క దెబ్బతో దారికొచ్చాయి. 100 హార్స్‌పవర్ ఇచ్చే 239 ఘనపు అంగుళాల ఇంజన్ ఈ హెడ్లతో 160 దాటింది.

లారీల కోసం పుట్టిన ఈ హెడ్లను నెత్తిన పెట్టుకున్నది మాత్రం పందేల కుర్రాళ్లే. కానీ కష్టాలూ ఉన్నాయి. ధర ఎక్కువ. ఇంజన్ బాగా వెడల్పయి ఛాసిస్‌లో ఇమడడం ఇబ్బంది. అసలు హద్దు ఇంకా కిందుంది. ఫోర్డ్ క్రాంక్‌షాఫ్ట్‌కు మెయిన్ బేరింగులు మూడే. అంటే ప్రతి రెండు బేరింగుల మధ్యా రెండేసి క్రాంక్‌పిన్నులు, వాటి మీద నాలుగు పిస్టన్ల బరువు. మంచి హెడ్ ఇచ్చే అదనపు గాలి ఎక్కువ ఆర్‌పీఎం దగ్గరే అక్కరకొస్తుంది. ఆర్‌పీఎం రెండింతలైతే పిస్టన్లు ఆగి తిరిగే ప్రతిసారీ క్రాంక్ మీద పడే జడత్వ బలం నాలుగింతలవుతుంది. ఆ బలానికి మధ్యలో ఆధారం లేని క్రాంక్ వంగుతుంది. హెడ్ ఎంత గొప్పదైనా క్రాంక్‌కు కొత్త బేరింగ్ చేర్చలేదు.

ఈలోగా 1949లో కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ పుట్టుకతోనే వాల్వులు హెడ్‌లో ఉన్న వీ-8లతో వచ్చాయి. కాడిలాక్ ఇంజన్ ఫ్యాక్టరీ నుంచే 160 హార్స్‌పవర్‌తో దిగింది. కుర్రాళ్లు లెక్క వేసుకుని ఫోర్డ్ బాడీలో కాడిలాక్ ఇంజన్ ఎక్కించడం మొదలుపెట్టారు. 1953లో డుంటోవ్ జనరల్ మోటార్స్‌లో చేరాడు. ఆ డిసెంబరులోనే పై అధికారులకు ఉత్తరం రాశాడు: కుర్రకారు మనసంతా ఫోర్డ్ మీదే ఉంది, వాళ్లను గెలవాలంటే రాబోయే మన వీ-8కు పందేల విడిభాగాలు ముందే సిద్ధంగా ఉంచాలి అని. 1955లో ఆ జనరల్ మోటార్స్‌లోని చెవ్రొలే విభాగంలో ఇంజనీరు ఎడ్ కోల్ బృందం ఆ వీ-8ను తెచ్చింది, దాన్నే స్మాల్‌బ్లాక్ అంటారు. 265 ఘనపు అంగుళాలు, 162 హార్స్‌పవర్, అయిదు మెయిన్ బేరింగులు. ప్రతి క్రాంక్‌పిన్నుకూ రెండు పక్కలా ఆధారం. 1957కల్లా ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 283 ఘనపు అంగుళాలకు 283 హార్స్‌పవర్ ఇచ్చింది. అందులోని క్యామ్ డుంటోవ్‌ది. ఫ్లాట్‌హెడ్ కథ అక్కడితో సరి.

ఇక మన బండి సంగతి. హెడ్ మార్చేముందు రోగం పైనుందో కిందుందో తేల్చుకోవాలి. ప్లగ్గు విప్పి గేజ్ పెట్టి కంప్రెషన్ చూడండి. తక్కువ చూపిస్తే ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ఆయిల్ రింగుల సందు మూసి రీడింగ్ పెరిగితే బోరూ రింగులూ అరిగినట్టు. అక్కడ కొత్త హెడ్‌కు పెట్టే డబ్బు దండగ. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో కారణమై ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ బాగుంటే, కింది నుంచి బేరింగ్ చప్పుడు లేకపోతే హెడ్ పని చాలు. ఇంజన్ మారిస్తే బ్లాకు మీది నంబరు మారుతుంది, ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలన్నది గుర్తుంచుకోండి.

స్మాల్‌బ్లాక్ తర్వాతి చరిత్రే నా జవాబుకు రుజువు. ఆ మొదటి తరం బ్లాకుకు హెడ్ బోల్టుల అమరిక దశాబ్దాలపాటు మారలేదు. ఎవరెవరో ఎన్నెన్నో హెడ్లు పోత పోసి దానిమీద బిగించారు. క్రాంక్ గట్టిది కాబట్టి బ్లాకు ప్రతి కొత్త హెడ్‌నూ మోసింది. కింద బలం మిగిలి ఉంటే హెడ్ మార్చండి. ఆ బలమే చాలనప్పుడు ఇంజన్ మార్చండి.