మీకు తెలుసా? చెడగొట్టబోతే హిట్టయిన పాట!

బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్‌కు పేరు తెచ్చిన ‘క్రీప్’ పాట 1992 సెప్టెంబరులో విడుదలైనప్పుడు బ్రిటన్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరీ దిగులుగా ఉందంటూ బీబీసీ రేడియో 1 పక్కన పెట్టేసింది. సింగిల్ చార్టులో 78వ స్థానం దగ్గరే ఆగిపోయింది. దాన్ని ముందుగా నెత్తిన పెట్టుకున్నది ఇజ్రాయెల్ శ్రోతలు, ఆ తర్వాత అమెరికా వాళ్లు. బయట పేరొచ్చాక 1993లో మళ్లీ విడుదల చేస్తే, కాదన్న బ్రిటన్‌లోనే 7వ స్థానానికి ఎక్కింది!

పల్లవికి ముందు ‘గర్ర్ గర్ర్’మనే గిటార్ చప్పుడు విన్నారా? పాట మరీ మెత్తగా ఉందని చిరాకు పుట్టి, బ్యాండ్ గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ కావాలనే తీగల్ని అలా బాదాడు. పాటకు ప్రాణం అదే.

‘ది ఎయిర్ దట్ ఐ బ్రీత్’ అనే పాత పాటతో పోలికలున్నందున, దాని రచయితలు ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్‌లకూ ‘క్రీప్’ రాయల్టీలో వాటా దక్కింది.