చెఱలో టంకసాల

దొంగనోటు ముద్రించినవానిని దండించుట ప్రతి ప్రభుత్వమునకును విధి. ప్రభుత్వమే దొంగనోట్లకు పూనుకొనినచో దండించువా డెవ్వడు? ముద్రించిన చేతులు ప్రాణభయమున పనిచేసిన బందీలవైనచో ఆ పాపము నెవరి ఖాతాలో వ్రాయవలెను? రెండవ ప్రపంచయుద్ధమున నాజీ జర్మనీ నడపిన ‘బెర్న్‌హార్డు’ వ్యవహారము తలపునకు వచ్చినపుడెల్ల ఈ ప్రశ్నలు మమ్ము వదలవు.

శత్రువు ద్రవ్యమునకు నకలు తీయుట హిట్లరు కనిపెట్టిన విద్యకాదు. ఫ్రెంచి విప్లవకాలమున, 1793 ప్రాంతమున, ఆ దేశపు కాగితపు ద్రవ్యమునకు దొంగనకళ్లు తీయుటకై కాగితము ఇంగ్లండులోనే తయారయ్యెను. ఈ సంగతిని ఇంగ్లండు అంత గట్టిగా చెప్పుకొనదు. నాజీల క్రొత్తదనము వేఱొకటి. చంపదలచినవారి చేతనే వారు టంకసాల నడపించిరి.

1940లో మొదలిడిన తొలిప్రయత్నము సాగక నిలిచిపోయెను. 1942లో బెర్న్‌హార్డు క్రూగరు అను ఎస్.ఎస్. అధికారి ఆ భారమును వహించి, నిర్బంధశిబిరములను గాలించి అచ్చుపనివారిని, చెక్కడపు పనివారిని, బ్యాంకు లెక్కలెఱిగినవారిని ఏఱి, బెర్లిను సమీపముననున్న సాక్సెన్‌హౌసెను శిబిరమునకు చేర్చెను. వారు సుమారు 140 మంది, యూదులు. 18, 19 సంఖ్యలుగల పాకలచుట్టు ముండ్లతీగ కట్టి వారిని లోపల నుంచిరి.

ఇంగ్లీషు నోటు చూచుటకు సాదా; ఒకప్రక్క మాత్రమే నల్లని అచ్చు. కాని దాని కాగితమును అనుకరించుట సులభము గాకుండెను. క్రొత్త నారగుడ్డతో చేసిన కాగితము ప్రత్యేకదీపపు వెలుగున వేఱు రంగు చూపినది. గుడ్డను కర్మాగారములలో వాడించి, మురికిచేసి, మరల ఉతికి పిప్పిచేసిన పిదప గాని ఆ తేడా పోలేదు. ముద్రణమైన నోట్లను బందీలు వరుసగా నిలిచి చేతులు మార్చుచు, మడచుచు నలిపెడివారు. ఇంగ్లీషు గుమాస్తాలు నోట్లకు గుండుసూది గ్రుచ్చుదురు గనుక వీరును గ్రుచ్చిరి. ఇట్లు వెలువడినవి సుమారు 89 లక్షల నోట్లు. వాని విలువ 13 కోట్ల పౌనులకు పైమాట. అన్నియు చెలామణికి తగినవి కావు. మేలైనవి గూఢచారులకును, తటస్థదేశములలోని వ్యాపారమునకును పోయెను. అంకారాలో బ్రిటిషు రాయబారి సేవకుడై రహస్యపత్రములను జర్మనులకు అమ్మిన ఎలీసా బజ్నాకు ముట్టిన పౌనులలో పెక్కు ఇట్టివే! ఆ మోసమునకు మేము కంట తడిపెట్టజాలము.

ఈ బందీలకు దుప్పట్లు, సిగరెట్లు, వార్తాపత్రికలు, బల్లపై బంతియాట సైతము లభించెను. తీగకు ఆవల తోటివారు ఆకలితో చచ్చుచుండిరి. లోపల జబ్బుపడినవారిని రహస్యము పొక్కకుండుటకై వైద్యమునకు పంపక చంపిరి. పని ముగిసిననాడు మిగిలినవారికిని అదే గతియని అందఱు నెఱుగుదురు. 1944లో డాలరు ముద్రింపుడను ఆజ్ఞ వచ్చినది. హాలండు దేశీయుడైన జాకబ్సను అను బందీ ఏదో యొక నెపమున ఆ పనిని నెలల తరబడి జాగుచేసెనని సహబందియైన అడాల్ఫు బర్గరు తన స్మృతులలో వ్రాసెను. జాగు బయటపడినచో చావు. డాలరు సిద్ధమైనను చావే. శత్రువునకు సేవచేసిరని వీరిని నిందించువా రొకసారి ఆ పాకలో నిలిచి ఆలోచింతురుగాక.

1945 తొలినెలలలో రష్యను సేనలు సమీపింపగా యంత్రములతోపాటు వారిని ఆస్ట్రియాకు తరలించిరి. తుదకు ఎబెన్సీ శిబిరమునకు చేర్చి అందఱి నొక్కమారే చంపవలెనని ఆజ్ఞ. ఉన్నది ఒక్క లారీ. మూడు విడతలుగా తేవలసివచ్చెను. మూడవ విడతలో అది చెడిపోయెను. ఆ జట్టు నడచి చేరునంతలో కాలము మించెను, కావలివారు పాఱిపోయిరి. ‘ఒక్కమారే’ యను మాట పట్టుకొని ముందు వచ్చినవారిని చంపకుండుట వారి పాలిట వరమయ్యెను. మే మొదటివారమున అమెరికను సేనలు వారిని విడిపించినవి.

దొంగనోట్ల బెడదచే ఇంగ్లండు బ్యాంకు 1943లోనే పది పౌనులును ఆపైని నోట్లను జారీచేయుట మానియుండెను. పది పౌనుల నోటు మరల వెలువడినది 1964లో. టోప్లిట్సు సరస్సున ముంచిన పెట్టెలను 1959లో వెలికితీసిరి. క్రూగరు విచారణకు వచ్చినపుడు అతనికి అనుకూలముగా కొందఱు పూర్వబందీల వాఙ్మూలములే దాఖలైనవి. అతడు విడుదల పొందెను. తర్వాత అతడు కొలువు చేసినది ఆ దొంగనోట్లకు కాగితము చేసియిచ్చిన సంస్థలోనే. 1989లో మరణించెను.