నెట్ లేకున్నా ఫోన్ పాఠం టీవీ తెరపై

గుమ్మలక్ష్మీపురంలో నాది మొబైల్ కొట్టు. కొండ గూడేల నుంచి వచ్చే సవర, జాతాపు పిల్లలు తరచూ అడిగేది ఒకటే. "అన్నా, మా ఊళ్లో సిగ్నల్ అందదు. ఫోన్‌లో పాఠం టీవీలో చూడొచ్చా?"

నిక్షేపంగా చూడొచ్చు. బజారుకొచ్చినప్పుడు దీక్ష యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంటికెళ్లాక నెట్‌తో పనిలేదు. 2012లో వచ్చిన మిరాకాస్ట్ పద్ధతిలో ఫోన్, టీవీ వైఫై ద్వారా నేరుగా కలుస్తాయి. మధ్యలో రౌటర్ కూడా అక్కర్లేదు.

ముందు స్మార్ట్ టీవీలో 'స్క్రీన్ మిర్రరింగ్' తెరవండి. ఫోన్ తెరను పైనుంచి కిందికి లాగితే గుర్తులు కనిపిస్తాయి. శాంసంగ్ అయితే 'స్మార్ట్ వ్యూ', షావోమీ అయితే 'క్యాస్ట్' నొక్కండి. టీవీ పేరు రాగానే తాకండి. టీవీ అనుమతి అడిగితే సరేననండి. ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ తెరనిండా పడుతుంది. ఐఫోన్‌లో మిరాకాస్ట్ ఉండదు, దానిది ఎయిర్‌ప్లే.

వైఫైకి బదులు వైరు కొనేముందు మాత్రం ఆగండి. టైప్-సి పిన్ ఉన్నంత మాత్రాన హెచ్‌డీఎంఐ వైరుతో బొమ్మ రాదు. ఫోన్‌లో డిస్‌ప్లేపోర్ట్ సదుపాయం ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది లేదు. నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరికీ ఇదే చెబుతాను, కూలి డబ్బులు వృథా కాకూడదు కదా!

టీవీ స్మార్ట్‌ది కాకపోయినా వీడియోలు ఆడే యూఎస్‌బీ రంధ్రం ఉంటే చాలు. ఫోన్‌లో దాచుకున్న మామూలు వీడియోలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టండి. ఇంటిల్లిపాదీ కలిసి చూడొచ్చు, పిల్లల కళ్లకూ శ్రమ తగ్గుతుంది.