తోలు వాషరు చేతిలో పంపు స్టవ్వు

పంపు స్టవ్వు కారుతుంటే అందరూ ముందు ట్యాంకునే అనుమానిస్తారు. కానీ ఇత్తడి ట్యాంకు అంత తొందరగా చెడదు. పోయేవన్నీ మెత్తటి వస్తువులే: పంపులో తోలు వాషరు, మూత కింద రబ్బరు, బర్నరు కింద సీసపు వాషరు. ఇవి మార్చుకుంటూ పోతే తాత కొన్న స్టవ్వు మనవడిక్కూడా పనికొస్తుంది.

1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ ప్రైమస్ పేరుతో ఈ పొయ్యిని తెచ్చాడు. అంతకుముందు కిరసనాయిలు పొయ్యి అంటే వత్తి, పొగ, గిన్నె అడుగున మసి. అతను వత్తినే తీసేశాడు. పంపుతో కొట్టిన గాలి కిరసనాయిలును పైకి నెడుతుంది. స్పిరిట్ మంటతో ముందే కాగిన బర్నరులో అది ఆవిరై, నిపుల్ రంధ్రంలోంచి జోరుగా వచ్చి, బయటి గాలితో కలిసి నీలంగా మండుతుంది. 1911లో అముండ్‌సెన్ దక్షిణ ధ్రువ యాత్రలో మంచు కరిగించి నీళ్లిచ్చింది ఈ పొయ్యే. 1953 ఎవరెస్టు యాత్రకూ ఇదే తోడు. బెజవాడ టిఫిన్ బళ్ల మీద, డెల్టా ఊళ్ల వంటిళ్లలో బుస్సుమంటూ మండినవీ దీని సంతతే.

రిపేరుకు ముందు ట్యాంకులో గాలి వదిలే స్క్రూ (గాలి స్క్రూ) విప్పాలి, స్టవ్వు పూర్తిగా చల్లారాలి. తర్వాత స్క్రూ బిగించి, వెలిగించకుండా కాస్త గాలి కొట్టి, అతుకులన్నిటికీ సబ్బు నురగ రాస్తే కారేచోట బుడగ లేస్తుంది.

పంపు కొడుతుంటే చేతికి బరువు తగలలేదంటే తోలు ఎండిందన్నమాట. అది చిన్న గిన్నె ఆకారంలో ఉంటుంది, నోరు కిందికి. కిందికి నొక్కితే గాలి దాని అంచుల్ని గొట్టానికి అదిమి పెడుతుంది, పైకి లాగితే అంచులు ముడుచుకుని కొత్త గాలికి దారిస్తాయి. ఇంత తెలివి ఒక తోలు ముక్కలో ఉంది! నూనెలో నానబెట్టి అంచులు వేలితో విప్పితే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది. చినిగిపోతే సైకిల్ పంపు వాషరు కొలత సరిపోతుందేమో చూడొచ్చు.

పిడి దానంతటదే పైకి లేస్తున్నా, పంపు గొట్టంలోకి కిరసనాయిలు ఎక్కుతున్నా తప్పు తోలుది కాదు, అడుగునున్న వాల్వుది. అందులో ఒక స్ప్రింగు, దాని కొసన రబ్బరో కార్కో ఉంటుంది. ఆ ముక్క గట్టిపడితే మార్చాల్సిందే.

బర్నరు అడుగున మంట కనిపిస్తే వెంటనే గాలి స్క్రూ విప్పాలి. ఒత్తిడి పోతే కిరసనాయిలు పైకెక్కదు, మంట ఆరిపోతుంది. అక్కడుండే సీసపు వాషరు మార్చాలి; ఒకసారి నలిగాక దాన్ని మళ్లీ వాడకూడదు.

1999లో దీపం పథకంతో గ్యాసు పల్లెల్లోకి వచ్చాక ఈ స్టవ్వులు అటకెక్కాయి. ఇప్పుడు దించేవాళ్లకు ఒక్క మాట. ట్యాంకు అతుకే చెమ్మగిల్లుతుంటే వెలిగించొద్దు. మాటు వేయించాలంటే కిరసనాయిలంతా వంచేసి, సబ్బు కలిపిన వేడినీళ్లతో పలుమార్లు కడిగి, మూత తీసి ఆరబెట్టాకే ఇవ్వాలి. లోపల మిగిలిన ఆవిరికి నిప్పు తగిలితే ఖాళీ ట్యాంకు కూడా పేలుతుంది.